ఉపదేశి పెట్టె వయసు

చచ్చాక ఎక్కడ పడుకోవాలో కూడా కమిటీవాళ్లే చెప్పాలట! ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సెక్రటరీ యేసుదాసు గారు ప్రకటన చదువుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. తిరుమలగిరిలో మా గుడి వెనకున్న పాత సమాధుల తోట నిండిపోయిందట. ఇకమీదట ఎవరు పోయినా యాప్రాల్ అవతల సంఘం కొన్న కొత్త స్థలానికే తీసుకెళ్లాలట. గుడి కట్టినప్పుడు ఉన్న మొదటి కుటుంబాలకు మాత్రం మినహాయింపు. వాళ్లు తమవాళ్ల సమాధినే తెరిచి అందులోనే పెట్టుకోవచ్చు. కాకపోతే మొదటి కుటుంబమని రుజువు చూపించాలి.

మా మామగారు దేవానందం గారు మగవాళ్ల వరసలో కర్ర మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నారు. ప్రకటన అయ్యేసరికి ఆయన మొహంలో నవ్వు.

"మనకేం ఫికర్ లేదు మేబెల్. మనం మొదటోళ్లమే గదా" అన్నారు బయటికొచ్చాక, పక్కనున్న నలుగురికీ వినబడేలా.

ఆ ధీమా చూస్తే నాకు ముచ్చటేసింది. ఎప్పటిలాగే నేను గేటు దగ్గర నిలబడ్డాను, ఆయన తోటలోకి వెళ్లారు. మా అత్తగారు ప్రేమమణి గారు అక్కడే ఉన్నారు. ఆమె పోయినప్పటినుంచీ ఆయన ప్రతి ఆదివారం సమాధి గట్టు మీద కూర్చుని, ఆ రోజు పాస్టరు అయ్యగారు ఏం ప్రసంగించారో ఆమెకు చెప్పి వస్తారు. ప్రసంగం బాగోకపోతే అదీ చెబుతారు. రాతి మీద ఆమె పేరు పైసగంలో చెక్కించి, కిందిసగం తన పేరు కోసం నున్నగా వదిలేయించారు. ఆయన గుండె మరీ నీరసపడిపోయింది, ఆపరేషన్‌కు తట్టుకోదు, మందులతో నెట్టుకురమ్మని డాక్టరు చెప్పేశాడు. ఆ మాట విన్నరోజు కూడా ఆయన కంగారుపడలేదు. "నన్ను ఆమెతోనే పెట్టుండ్రి, ఇంకేం అడగ" అన్నారు. నా భర్త అబ్రహాం రైల్వేలో గార్డు. ఎప్పుడు చూసినా డ్యూటీలో కాజీపేటలోనో విజయవాడలోనో ఉంటాడు. అందుకని ఆ మాట నిలబెట్టే పని నా నెత్తినే పడింది.

రుజువు అంటే ఎక్కడినుంచి తేవాలి? మామగారి తాత జకర్యా గారు గుడి కట్టినప్పుడు ఇక్కడ వాక్యం చెప్పే ఉపదేశి అని మా ఇంట్లో అందరూ చెప్పుకునే మాట. గుడిలోని మొదటి పుస్తకాలన్నీ చెదలపాలయ్యాయి. సమాధులు చూద్దామంటే, ఆ రోజుల్లో రాళ్లు తెల్లదొరలకే. మనవాళ్లకు చెక్క సిలువలు పాతారు, అవీ మట్టిలో కలిసిపోయాయి. మిగిలింది ఒక్క పెట్టె.

గుడి ప్రతిష్ఠ రోజున సంఘమంతా కలిసి, బైబిలు పెట్టుకోమని జకర్యా గారికి చెక్కడపు పని చేసిన టేకు పెట్టె ఇచ్చారట. ఉపదేశి పెట్టె అంటాం. ఉపదేశికి ఏదో పెట్టె ఇచ్చారని చిన్నప్పుడు తన నాయనమ్మ చెప్పగా విన్నానని, సంఘంలో అందరికన్నా పెద్దది రోసమ్మ గారు కూడా అంది. కానీ ఆ పెట్టె మీ ఇంట్లో ఉన్న ఈ పెట్టేనా అన్నారు కమిటీలో. దాని మీద పేరూ లేదు, సంవత్సరమూ లేదు.

"ఉత్త మాటలతోని అయితదా సార్? రేపు ఇంకొకరొచ్చి మేం సుత మొదటోళ్లమే అంటరు" అన్నారు యేసుదాసు గారు. "మధుసూదన్ సార్ అని ఒకాయన ఉన్నడు. మ్యూజియంల చేసి రిటైరైండు. పాత సామాను చూసి ఎప్పటిదో చెప్తడు. పెట్టె గుడి కట్టిన కాలందే అని ఆయన రాసిస్తే కమిటీ ఒప్పుకుంటది. అది నా జిమ్మా."

"రానీయుండ్రి, నిమ్మళంగ చూస్కొమ్మనుండ్రి" అన్నారు మామగారు. పరీక్ష ముందే పాసైపోయిన పిల్లవాడిలా ఉంది ఆయన వాలకం.

మధుసూదన్ గారు వచ్చేరోజు పొద్దున్నే మామగారు గుడికి వేసుకునే నల్లకోటు తొడుక్కున్నారు. అత్తమ్మ కుట్టిన ఎంబ్రాయిడరీ గుడ్డను భోజనాల బల్ల మీద పరిపించి, పెట్టెను రెండు చేతులతో ఎత్తుకొచ్చి దాని మీద పెట్టారు. మూత నిండా ద్రాక్షతీగ. ఆకులు, గుత్తులు, నడుమ రెక్కలు చాచిన పావురం. ఎంత మెరుపంటే, పైన తిరిగే ఫ్యాను రెక్కలు అందులో కనబడుతున్నాయి.

ఆ మెరుపు మా అత్తమ్మది. ఆమె సంగతి చెప్పాలి. మా క్రైస్తవుల ఇళ్లల్లో క్రిస్మస్ అంటే అన్నీ కొత్తవైపోవాలి. గోడలకు సున్నం, కిటికీలకు రంగు, కర్టెన్లు కొత్తవి, కుర్చీలకు వార్నిష్. బాపట్లలో మా అమ్మావాళ్లదీ అదే తంతు గానీ, ఈవిడ ముందు మా అమ్మ ఎందుకూ పనికిరాదు. నవంబరు వస్తే చాలు, కొంగు దోపుకుని, వరండాలో పేపర్లు పరిచి, ఆ పెట్టెను ముందేసుకుని గరుకు కాగితంతో మొదలుపెట్టేది. పాత వార్నిష్ అంతా పోయి పచ్చి చెక్క బయటపడేదాకా రుద్దడమే! ఆకుల సందుల్లోకి కాగితాన్ని పుల్లలా చుట్టి మరీ దూర్చేది. గోళ్లు విరిగేవి. ఆ తర్వాత కొత్త వార్నిష్. ఒకసారి నేను సాయం పోతే, "మీ కోస్తోళ్లకు గిన్నెలు తోముడే సక్కగ రాదు, ఇది ముట్టకు" అని కసిరింది. నన్నే కాదు, మామగారిని కూడా దరిదాపులకు రానిచ్చేది కాదు. "మీకు సున్నితం తెల్వది, పావురం ముక్కు ఇరగ్గొడ్తరు" అనేది. పాతదేదైనా కంటబడితే ప్రభువు పండక్కి మొహం ఎట్ల చూపిస్తం అనేది ఆమె వాదన.

మధుసూదన్ గారు యేసుదాసు గారితో కలిసి వచ్చారు. సన్నటి మనిషి, మాట మెత్తన. టీ ఇస్తే పక్కన పెట్టించారు. "ముందుగాల చూస్తనమ్మా. చెయ్యి తడైతే పని పాడైతది." జేబులోంచి భూతద్దం తీసి, పెట్టెకు నమస్కారం పెట్టినంత పనిచేసి, మెల్లగా బోర్లించారు.

"అడుగు ప్లైవుడ్ ఉన్నది సార్" అన్నారు.

"అవు. పాత అడుగుకు చెదలు తగిలినయి. మా గల్లీల బ్రహ్మచారి అని ఉండె, వడ్లాయన, మస్తు పనిమంతుడు. కొత్తది ఏసిచ్చిండు" అన్నారు మామగారు హుషారుగా.

"పక్క చెక్కలు?"

"రెండు మార్చినం. రంగు చూడుండ్రి, ఏది పాతదో ఏది కొత్తదో తెలుస్తలేదు గదా?"

"తెలుస్తలేదు" అన్నారు మధుసూదన్ గారు. "మూత బందులు స్టీలువి."

"పాతయి ఇత్తడివి ఉండె. నల్లగయినయని తీసేయించినం. ఇయి చూడుండ్రి, ఎట్ల మెరుస్తున్నయో!"

"ఆ పాతయి దాచిండ్రా సార్?"

"ఏం చేస్కుంటం? పాత సామానోనికి ఏసినం."

మామగారు ఒక్కో జవాబూ తన ఇంటి శుభ్రతకు వచ్చిన మెప్పులాగే చెబుతున్నారు. మధుసూదన్ గారి మొహంలో మెప్పు లేదు. మూత తెరిచి లోపల చూశారు. లోపలంతా తెల్ల ఎనామిల్ రంగు. గోరుతో ఒక మూల కొద్దిగా గీరి చూసి వదిలేశారు. మూత మూసి, ద్రాక్షగుత్తుల మీద భూతద్దం పెట్టి చాలాసేపు వంగి ఉండిపోయారు. ఒక ఆకు మీద వేలు పెట్టి నిమిరారు.

"దీన్ని గరుకు కాగితంతోని రుద్దిండ్రా?"

"ప్రతి క్రిస్మస్‌కు! ఒక్క ఏడు సుత తప్పలే!" అన్నారు మామగారు ఛాతీ పొంగించి. "మొత్తం గీకి, మళ్ల కొత్తగ వార్నిష్. మీరు ఎవరింట్లనన్న చూడుండ్రి, పాత పెట్టె గిట్ల ఉంటదా?"

మధుసూదన్ గారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. ఏం చెప్పాలో కాదు, ఎలా చెప్పాలో వెతుక్కుంటున్నారని తెలిసిపోతోంది.

"సార్, పాత చెక్క వయసు దాని మీది మురికిలనే ఉంటది" అన్నారు చివరికి. "ఉలి దిగిన గాట్లు, రంపం గుర్తులు, చేతులు తగిలి తగిలి లోపలికి దిగిన రంగు, సందులల్ల గట్టిపడ్డ మట్టి... అవి చూసే మేం కాలం చెప్పేది. బందులు, మేకులు సుత చెప్తయి. ఇందుల ఒక్కటి లేదు. ఆకుల అంచులు సుత అరిగిపోయినయి. మూత పాతదని నా మనసుకైతే అనిపిస్తున్నది. గుడి కట్టినప్పటిదా, ఇంకో యాభై ఏండ్లకు చేసిందా అంటే మాత్రం చెప్పనీకి నాకేం మిగల్లే."

మామగారు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఆ నవ్వుకు విషయం ఇంకా చేరలేదంతే. కాసేపటికి చేరింది. ఆయన చేయి కోటు గుండీ మీదికి పోయి, దాన్ని తిప్పుతూ ఉండిపోయింది.

"గింత కష్టపడి గీకిందెవరు సార్?" అని అడిగారు మధుసూదన్ గారు. తప్పు పట్టడానికి కాదు పాపం, ఊరికే అడిగారు.

మామగారు గోడ మీదున్న అత్తమ్మ ఫోటో వైపు చూశారు. అసలు మాట నాకు నోటిదాకా వచ్చింది.

"నేనే" అన్నారు మామగారు. "నేనే గీకిన. నాకే అక్కల్ లేకపాయె."

నేను ఆయన మొహం వంక చూశాను. సంఘపెద్దగా బతుకంతా గడిపిన మనిషి. తెలిసి ఒక అబద్ధం ఆడగా నేను ఎన్నడూ వినలేదు. నన్ను మాట్లాడొద్దన్నట్టు కర్రను నేలకేసి చిన్నగా కొట్టారు. నేను నోరు మూసుకున్నాను గానీ, నాలో కోపం ఆగలేదు. పోయి పోయి మధుసూదన్ గారి మీద విరుచుకుపడ్డాను.

"పాతదనిపిస్తోందని మీరే అంటున్నారు కదండీ. ఆ ముక్కే రాసివ్వండి. ఆయన ఆస్తి అడుగుతున్నారా, పదవి అడుగుతున్నారా? పెళ్లాం పక్కన చోటు అడుగుతున్నారు. మీ కాగితం మీద ఒక్క మాట ఎక్కువ రాస్తే మీ సొమ్మేం పోతుంది?"

"అనిపిస్తున్నదని రాస్తనమ్మా. కావచ్చని సుత రాస్త. అయితదని రాయలేను" అన్నారాయన. ఆయన గొంతు నాకన్నా దీనంగా ఉంది. "రాస్తే రేపు ఇంకొకరి పెట్టెకు ఇట్లనే రాయాలె. అప్పుడు నా కాగితానికి ఇజ్జత్ ఏం ఉంటది?"

నేను యేసుదాసు గారి వైపు తిరిగాను. "కావచ్చు అంటే చాలదా అన్నయ్యగారూ? మీరు గట్టిగా అంటే కమిటీ వినదా?"

ఆయన తల వంచుకున్నారు. "చెల్లెమ్మా, పోయిన నెల మా తమ్ముని యాప్రాల్‌కు తీస్కపోయినం. మా అమ్మ ఈ తోటలనే ఉన్నది. మేం గుడి కట్టినంక వచ్చినోళ్లం, రుజువులేం లేవు. నేను సెక్రటరీని అయ్యుండి నా తమ్మున్నే పెట్టియ్యలే. ఇప్పుడు కావచ్చు అన్నదానికి ఒప్పుకుంటే, మా మరదలు నా మొహాన ఉమ్మెయ్యదా?"

తిట్టడానికి దుర్మార్గుడంటూ ఒక్కడు కూడా లేకపోతే మనిషికి ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. వాళ్లిద్దరూ టీ తాగకుండానే వెళ్లిపోయారు. తర్వాత కమిటీ కూర్చుంది, కాగితం చదివింది, కుదరదంది, అంతే.

వాళ్లు వెళ్లాక మామగారు కోటు విప్పకుండా అలాగే కూర్చున్నారు. నేను టీ గ్లాసులు తీస్తూ ఉండబట్టలేక అడిగాను.

"ఎందుకు మామయ్యా అలా అన్నారు? మీరు దాన్ని ముట్టుకున్నదెప్పుడు?"

"మరి ఏమనాలె?" అన్నారు. "ప్రేమమణే గీకి గీకి పాడుచేసిందని చెప్పుమంటవా? రేపు గుడిల ఆడోళ్లు అదే ముచ్చట పెడ్తరు. మొగుని జాగ తన చేతులతోనే పోగొట్టిందంటరు. ఆమె ఏం జవాబు చెప్తది బిడ్డా? నేనుంటే నన్ను ఏమన్నా అననీ, పడ్త."

"ఆవిడ పాడుచేయాలని చేసిందా మామయ్యా?"

"అదే గదా నా తక్లీఫ్. ఎవరి మీద కోపానికి రావాలె? జరంత సోమరిపోతు అయ్యుంటే బాగుండె. ఒక్క మూల వదిలిపెట్టి ఉన్నా సరిపోతుండె." ఆయన పెట్టె మూత మీద అరచేయి పెట్టారు. "ఏటేటా చేతులు కోసుకపోయేవి ఆమెకు. రాత్రి నూనె రాసేటోన్ని." అని గభాలున ఏడ్చేశారు. నేను ఆయన్ని అట్లా చూడటం అదే మొదలు. అత్తమ్మ పోయినరోజు కూడా ఆయన అందరికీ కుర్చీలు వేయించి, కీర్తనలు ఎత్తుకుని, నిలబడ్డ మనిషి. ఏం చేయాలో తోచక పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను.

ఆ క్రిస్మస్‌కు పెట్టెను ఎవరం ముట్టుకోలేదు. జనవరిలో ఆయనకు ఊపిరి ఆడటం కష్టమైంది. తగ్గి ఇంటికొచ్చాక, "యాప్రాల్ జాగ ఒకసారి చూపియ్యి మేబెల్" అన్నారు. అవేం మాటలని కోప్పడ్డాను. "యాడికి పోతున్ననో చూస్కోవద్దా? తెలియని జాగకు ఎట్ల పోతరు?" అన్నారు. రెండురోజులు వాయిదా వేశాను, వినలేదు. ఆటో మాట్లాడి తీసుకెళ్లాను.

కొత్త స్థలం ఊరి చివర, బోడి నేల. చుట్టూ కొత్త కాంపౌండు గోడ. పాతిక సమాధులు కూడా లేవు. యేసుదాసు గారి తమ్ముడిది ఒక వరస మొదట్లో ఉంది, మట్టి ఇంకా కుంగలేదు. అక్కడ గుంతలు తవ్వే పర్వతాలు అనే అతను పరుగున వచ్చి తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు.

"మంచిగ ఉన్నది సార్, గాలి వస్తది" అన్నాడు, ఇల్లు అద్దెకు చూపించినట్టు.

మామగారు కూర్చుని వరసలన్నీ కలయజూశారు. సున్నంతో గీసిన గీతలు తిన్నగా ఉన్నాయి. మా పద్ధతిలో సమాధులన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి. తల పడమరకు, కాళ్లు తూర్పుకు. ప్రభువు మళ్లీ వచ్చేది తూర్పునుంచి గనుక, ఆ రోజు సమాధుల్లోంచి లేవగానే అందరూ ఆయన వైపే చూస్తూ లేవాలని. ఎంతోమంది శవపెట్టెలు దించేటప్పుడు ఆ దిక్కు సరిగ్గా ఉందా లేదా అని దగ్గరుండి చూసిన సంఘపెద్ద మా మామగారే.

"పర్వతాలూ, ఈడికెల్లి తిరుమలగిరి ఎటు?"

పర్వతాలు కాసేపు ఆలోచించి, తూర్పుకు మొహం పెట్టి నిలబడి, వెనక్కి, కుడి భుజం మీదుగా చూపించాడు. "గటు సార్. ఎనకకు."

మామగారు కుర్చీలోనే వెనక్కి తిరిగి చూశారు. కాంపౌండు గోడ, దాని అవతల కట్టుబడి అవుతున్న అపార్టుమెంటు తప్ప ఏమీ కనబడదు. ఆయన అటే చూస్తూ ఉన్నారు.

"కడబూర ఊదినప్పుడు అందరం తూర్పుకు మొహం పెట్టి లేస్తం" అన్నారు నాతో, మెల్లగా. "ఆమె అక్కడ లేస్తది. నేను ఇక్కడ లేస్త. ఆమె నాకు ఎనకాల అయితది మేబెల్. లేవంగనే పక్కకు చూస్తది, నేనుండ. ఆమెకు తెల్వదు గదా, నేను ఇంత ముందల ఉన్నట్టు."

పర్వతాలు చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"నన్ను జెర అటు తిప్పి పెట్టిస్తవా బిడ్డా? మొహం తిరుమలగిరి దిక్కుకు ఉండేటట్టు. ఎక్కువ వద్దు, లేవంగనే ఆమె కనబడితే చాలు."

అయ్యగారు ఒప్పుకోరు. కమిటీ ఒప్పుకోదు. వరసంతా ఒక దిక్కుకు ఉంటే ఒక్క సమాధి అడ్డంగా తవ్వనిచ్చేవాళ్లు ఎవరూ లేరు. నాకు తెలిసినదానికన్నా ఆ సంగతి ఆయనకే బాగా తెలుసు.

"పెట్టిస్తాను మామయ్యా" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూసి, నమ్మినట్టు తలూపారు.